ఆకుపచ్చ కార్డులు

మార్చి 4, మంగళవారం

ఊపిరి పీల్చుకోవడం నేర్పడానికి ఇవాళ మా ఫ్యాక్టరీకి ఒకావిడ వచ్చింది. సీసాలు చేసే ఫ్యాక్టరీ మాది. ఒక పక్క ఇసుక దుమ్ము, ఒక పక్క ఫర్నేస్ సెగ. ఆ మధ్యలో యాభై మంది మగవాళ్ళను నిలబెట్టి, కళ్ళు మూయించి, "లోపలికి, ఇంకా లోపలికి" అంటుంది. లోపలికి పోయేది ఏమిటో ఆ శ్వాస మేడమ్‌కు తెలుసా? పదకొండేళ్ళుగా వాళ్ళ దగ్గు వింటున్న నర్సును నేను. నన్నడిగితే ముందు ఇసుక గదికి దుమ్ము లాగే ఫ్యాన్ పెట్టమనేదాన్ని. అడక్కుండానే రెండేళ్ళుగా అంటున్నాను. ఫ్యాన్‌కు డబ్బు లేదట, మేడమ్‌కు ఉందట.

దీని పేరు వెల్‌నెస్ ప్రోగ్రామ్. మైకులో చెప్పింది హెచ్చార్ సారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు చిరునవ్వు సారు. ఉద్యోగంలోంచి తీసేసే కాగితం కూడా నవ్వుతూనే ఇస్తాడు. ఉద్యోగుల వైద్యం ఖర్చు ఏటేటా పెరిగిపోతోందట, అందరం ఆరోగ్యంగా ఉంటే దానంతట అదే తగ్గుతుందట. నెలనెలా బీపీ, షుగరు, బరువు నేను చూసి రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. బాగుంటే ఆకుపచ్చ కార్డు, అటూఇటూగా ఉంటే పసుపు, బాగోకపోతే ఎరుపు. ఎర్ర కార్డు వచ్చినవాణ్ణి ఫర్నేస్ నుంచి ప్యాకింగ్‌కు మారుస్తారు. వాడి ఇంట్లోవాళ్ళ పేర్లు ఇన్సూరెన్స్ జాబితాలోంచి కొట్టేస్తారు. అంటే ఒంట్లో బాగోలేదని తేలిన రోజే ఆసుపత్రి తలుపు మూసేస్తారు. దీన్ని ఆరోగ్యం అంటారట.

ఇంకో ముచ్చట. క్లినిక్ మెట్టెక్కిన ప్రతిసారీ వాడి సెక్షన్‌కు ఒక పాయింటు పోతుంది. ఏడాది చివర ఎక్కువ పాయింట్లున్న సెక్షన్‌కు షీల్డు. ఎవరూ నా గదికి రాకపోతే ఎవరికీ జబ్బు లేనట్టే. ఇంత తెలివి ఎవరికొచ్చిందో కానీ, వాడికి కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉద్యోగమే అయ్యుంటుంది.

మార్చి 6, గురువారం

ఫర్నేస్ సెక్షన్ యాభై రెండు మందికీ చూశాను. ఈ నెల ఊరికే చూడటమే, కార్డులు వచ్చే నెల నుంచి. ముప్పై ఒక్క మందికి బీపీ ఎక్కువ. ఉండదా మరి.

బావకు 172/108.

అక్క మొగుడు. ఫర్నేస్ మేస్త్రీ. పంతొమ్మిదేళ్ళుగా ఆ సెగలో నిలబడ్డ మనిషి. కరిగిన గాజు రంగు చూసి వేడి ఎంతుందో చెప్పేస్తాడు, మీటరు తరవాత చెబుతుంది. నాకీ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, ఉంటున్నది వాళ్ళింటి పైగదిలో. పట్టీ విప్పుతుంటే, "నీ మిషన్‌కు కూడా నీలాగే కోపం ఎక్కువ, మరదలు పిల్లా" అన్నాడు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

అక్కకు తుంటి కీలు అరిగిపోయింది. మంచం నుంచి వంటింటికి గోడ పట్టుకుని నడుస్తుంది. కీలు మార్చాలన్నారు. ముందు పంటి చీము తగ్గాలి, షుగరు దిగాలి. ఆపరేషన్‌కు ఆగస్టు 21 తేదీ ఇచ్చారు, అంతకుముందు ఖాళీ లేదన్నారు. ఖర్చంతా కంపెనీ ఇన్సూరెన్స్ మీదే. మా దగ్గర అంత ఎక్కడిది.

బావకు ఎర్ర కార్డు వస్తే అక్క పేరు పోతుంది.

ఏప్రిల్ 3, గురువారం

బావ అందరికంటే చివర వచ్చాడు. మొదటిసారి 176/110. రెండో చెయ్యి 170/108. పది నిమిషాలు కూర్చోబెట్టాను. నీళ్ళు తాగించాను. 168/106.

ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కసిరేదాన్ని. గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. ఆగస్టు కాగితం కిందెక్కడో ఉంటుంది, కనబడదు. అయినా అదే చూస్తున్నట్టుంది.

134/86 అని రాశాను.

షిఫ్టు దిగి, మెట్లెక్కి, సెగ ముఖాన ఉండగానే వచ్చిన మనిషికి చూసిన బీపీ అసలు బీపీ కాదు. ఇంట్లో, పొద్దున్నే, తీరిగ్గా చూస్తే తగ్గుతుంది. పుస్తకాల్లో కూడా అదే రాసి ఉంది. తగ్గాక ఎంతుంటుందో అది రాశాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 4

అరగంట కూర్చోబెడితే అంతే వచ్చేది. నాకు తెలుసు.

ఏప్రిల్ 9, బుధవారం

అక్క ఆ ఆకుపచ్చ కార్డును ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఇన్నాళ్ళూ బావకు విడిగా చప్పిడి వంట వండేది. రెండు వంటలంటే రెండింతలు నిలబడటం, ఆ కాలితో. ఇవాళ ఒకటే వంట. "ఇక నాకు గంట సేపు మంచం మీద నడుం వాల్చే యోగం పట్టిందే చిట్టీ" అంటూ నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది. ముఖంలో నొప్పి కాస్త తగ్గినట్టే కనిపించింది.

కూర బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

బావ బీపీ మాత్రలు క్లినిక్‌లో తీసుకోవడం మానేశాడు. తీసుకుంటే రాయాలి, రాస్తే పాయింటు పోతుంది. బయట కొంటున్నానన్నాడు. బయటే కొంటున్నాడు.

మే 6, మంగళవారం

ఫర్నేస్‌లో ఒకడున్నాడు. బీడీ వెలిగించమన్నా ముందు నిప్పు గురించి పావుగంట చెబుతాడు. అందుకే లెక్చరర్ అంటారు. ఇవాళ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. వాడి గొంతు తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

పోయిన నెల పసుపుతో బయటపడ్డాను, ఈసారి ఎరుపే, మేస్త్రీకి ఏం రాశారో నాకూ అదే రాయండి సిస్టర్ అన్నాడు. వాళ్ళమ్మకు కళ్ళ ఆపరేషన్ ఉందట. ఒళ్ళు మండిపోయింది. నేనేం బజార్లో కొట్టు తెరుచుకుని కూర్చున్నానా, వచ్చినవాడికల్లా తూచి ఇవ్వడానికి? బయటికి పొమ్మన్నాను. పోలేదు. చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. 164/102.

132/84.

వాడి వెనక ఇంకో నలుగురు. నాకు వాళ్ళందరి మీదా కోపమే. ఒక్కడైనా ఇది మాకొద్దని పై మేడ ఆఫీసుకెక్కి అరిచాడా? పై మేడ వాళ్ళకు దండాలు, నాకేమో ఈ బతిమాలడాలు. తిట్టుకుంటూనే రాశాను. అయిదుసార్లు చూసి అన్నిటికంటే తక్కువ వచ్చింది రాసుకోవచ్చు కదా. అదే చేశాననుకుంటాను.

మే 14, బుధవారం

ఇవాళ కడుపుబ్బ నవ్వాను, చాలా రోజుల తరవాత. అడుగులు లెక్కపెట్టే పట్టీలు చేతులకు కట్టారు కదా, రోజుకు పదివేల అడుగులు వేయాలని. మనవాళ్ళు వాటిని విప్పి ఇసుక జల్లెడకు కట్టేశారు. ఆ జల్లెడ పొద్దస్తమానం వణుకుతూనే ఉంటుంది. శ్వాస మేడమ్ లెక్క తీస్తే, పోయిన వారమంతా సెలవులో ఉన్న ఒకతను రోజుకు నలభై వేల అడుగులు నడిచాడని తేలింది. ఆవిడ చప్పట్లు కొట్టించింది. అతను లేచి దండం కూడా పెట్టాడు.

చిరునవ్వు సారు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ మనిషి సెలవు కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. ఆయన అంత వెర్రిబాగులవాడేం కాడే, అనుకున్నాను. మళ్ళీ మర్చిపోయాను.

మే 22

బస్ స్టాపులో ఒక కుర్రాడి మోచేతికి కట్టు కట్టాను. గాజు చుక్క పడి కాలింది. లోపల కట్టించుకుంటే పాయింటు పోతుందని ఆరు గంటలు అట్లాగే పని చేశాడు. చొక్కా చర్మానికి అతుక్కుపోయింది, పీకుతుంటే వాడు పళ్ళు బిగపట్టి నాకు సారీ చెప్పాడు. నాకు సారీ. ఎవరు ఎవరికి చెప్పాలి?

ఇంటికి వచ్చినా అరికాలి మంట నెత్తికెక్కే ఉంది. అక్క పలకరిస్తే కసిరాను.

జూన్ 12, గురువారం

ఫర్నేస్‌కు షీల్డు, నాకు శాలువా. ఏడాది చివర అన్నారు, ఇప్పుడే ఇచ్చేశారు. మార్చిలో ముప్పై ఒకటి ఎక్కువ, ఇప్పుడు ఎర్ర కార్డులు నాలుగు. ఆ నలుగురూ మొన్న మొన్న చేరినవాళ్ళు, నన్నడగడం తెలియనివాళ్ళు. వాళ్ళు ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు మడుస్తున్నారు. కనిపిస్తే తల తిప్పుకుంటున్నాను.

పై నుంచి వచ్చిన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మా ఖర్చు తగ్గించిన చెయ్యి ఇది అన్నాడు. నేనూ నవ్వాను. శాలువా కప్పుకుని ఫోటో దిగాను. బావ ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ముఖం ఎర్రగా ఉంది. ఎండకు.

అబద్ధాలే, సరే. ఎవరికి నష్టం వచ్చింది? నేను మార్చి రాసినవాళ్ళలో ఎవరి పేరూ పోలేదు. అక్క పేరు ఉంది. ఆగస్టు దగ్గర పడింది.

జూలై 9, బుధవారం

నోటీసు బోర్డు.

"మన ఉద్యోగుల ఆరోగ్యం గణనీయంగా మెరుగుపడిన సందర్భంగా" అని మొదలుపెట్టారు. సందర్భంగా. ఆగస్టు ఒకటి నుంచి ఇన్సూరెన్స్ మారుతుంది. కొత్తదాంట్లో తల్లిదండ్రులు లేరు. కీళ్ళు, కళ్ళు రెండేళ్ళ దాకా లేవు. వారానికోసారి క్లినిక్‌కు వచ్చే డాక్టరు కూడా ఇక రాడు, అవసరం లేదు కనుక. ఆరోగ్యవంతులకు ఇది చాలునట.

మూడుసార్లు చదివాను. లెక్చరర్ నా పక్కనే నిలబడి చదివాడు. 

అక్క ఆపరేషన్ ఇరవై ఒకటిన. ఇరవై రోజుల తేడా.

మా కొంప నేనే ముంచాను. ఈ చేత్తో.

జూలై 10, గురువారం

పై మేడకు వెళ్ళాను. తలుపు కొట్టలేదు. ఆ అంకెలు తప్పు, నేనే తప్పు రాశాను, ఇన్సూరెన్స్ మార్చకండి అని ఒక్క గుక్కలో చెప్పేశాను.  నా లైసెన్స్ పోతుంది, ఉద్యోగం పోతుంది, పోతే పోనీ అనుకునే వెళ్ళాను.

చిరునవ్వు సారు కంగారు పడలేదు. కూర్చోమన్నాడు. బీరువాలోంచి రిజిస్టర్ నకలు తీసి, మే పేజీ తెరిచి, వేలితో పై నుంచి కిందికి గీత గీసినట్టు చూపించాడు. 134/86. 132/84. 134/86. 134/86. 132/84.

"మే నెలలోనే చూశాను సిస్టర్" అన్నాడు. "ఇంతమందికి ఇంత ఒద్దికగా బీపీ ఉండదని నాకూ తెలుసు."

మరి ఎందుకు ఆపలేదని అడిగాను. 

"ఎందుకు ఆపాలి? మీరు అలా రాయబట్టే కదా ఇన్సూరెన్స్ వాళ్ళు ఈ ధరకు ఒప్పుకున్నారు. ఎర్ర కార్డు అంత గట్టిగా పెట్టింది ఎందుకనుకున్నారు? మెత్తగా పెడితే మీరు నిజమే రాసేవారు."

నాలుగు నెలలుగా నేను దొంగచాటుగా చేస్తున్నాననుకున్న పని ఆయన నా చేత చేయిస్తున్న పని. నాకు జాలి ఉందని, బావ ఉన్నాడని, అక్క ఉందని లెక్క వేసుకుని మరీ. జల్లెడకు పట్టీలు కట్టినప్పుడు ఆయన ఎందుకు చప్పట్లు కొట్టాడో ఇప్పుడు అర్థమైంది. ఆ బల్ల మీది గాజు పేపరు వెయిట్ తీసి ఆ పళ్ళ మీద కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి కదిలింది. అది మా ఫర్నేస్‌లో చేసిందే.

తరవాత ఆయన నెమ్మదిగా అసలు సంగతికి వచ్చాడు. ఇరవై ఎనిమిదిన ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరు వచ్చి క్లినిక్ రిజిస్టర్లు చూస్తుంది, మర్నాడు సంతకాలు. ఆ రోజు ఏ పేచీ లేకుండా గడిచిపోతే, మా అక్క ఆపరేషన్‌కు మేనేజ్‌మెంట్ ప్రత్యేక అనుమతి ఉంటుంది. కాగితం రెడీగా ఉంది, సంతకం కూడా అయింది. నాకు చూపించి మళ్ళీ సొరుగులో పెట్టాడు. పేచీ వస్తే బావకు ఎర్ర కార్డు, అక్క పేరు ఆ రోజే కొట్టివేత.

ఏమీ అనకుండా బయటికి వచ్చాను. నా నోటికి ఏమొచ్చిందో తెలియదు. ఊళ్ళో అందరి మీదా లేస్తుంది కదా అది.

జూలై 12

ఒక్క మనిషి. ఒక్క ఆపరేషన్. మిగతా యాభై ఒక్క మంది సంగతి నాకెందుకు? నేను పెంచానా వాళ్ళను? వాళ్ళే కదా వచ్చి రాయించుకున్నారు.

లెక్చరర్ వాళ్ళమ్మ సూదిలో దారం ఎక్కించమని పక్కింటి పిల్లను పిలుస్తుందట. వాడు చెప్పలేదు, ఇంకెవరో చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది.

జూలై 16, బుధవారం

లెక్చరర్ ఇవాళ క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ఉపోద్ఘాతం లేకుండా మాట్లాడాడు. అక్కడే భయం వేసింది. మొన్న సోమవారం మేస్త్రీ మూతి ఒక పక్కకు పోయిందట. చేతిలో గాజు కత్తిరించే కత్తెర జారిపోయిందట. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చిందట. పది నిమిషాలు. తరవాత మామూలైపోయి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

సాయంత్రం బావను మెట్ల మీద ఆపి అడిగాను. అది చిన్న హెచ్చరిక, తరవాత వచ్చేది పెద్దది, నర్సుగా చెబుతున్నాను అన్నాను. సెగకు అలా అయింది అన్నాడు. మాత్రలు ఎక్కడ కొంటున్నారు, చీటీ చూపించండి అన్నాను. చూపించలేదు. మార్చి తరవాత ఒక్క మాత్ర మింగలేదు. మందుల షాపు బిల్లు ఎవరైనా చూస్తే కంపెనీకి తెలుస్తుందని భయమట. ఆకుపచ్చ కార్డు ఉన్నవాడు మాత్రలు ఎందుకు మింగుతున్నాడని అడుగుతారట.

సారు చెప్పిన బేరం చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఇంకో నెల. దాని ఆపరేషన్ అయిపోనీ. ఆ తరవాత నువ్వు ఏ రంగు కార్డు ఇచ్చినా తీసుకుంటా."

ఈలోగా మీరు పడిపోతే అన్నాను. పడితే మీ అక్క నడిచొచ్చి లేపుతుందిలే అని నవ్వాడు. చెంప పగలగొట్టాలనిపించింది, బావ అని కూడా చూడకుండా.

నర్సుగా చెబుతున్నానట. ఏ నర్సు? ఏప్రిల్లో ఎక్కడికి పోయింది ఆ నర్సు?

జూలై 20, ఆదివారం

చెప్పేశాను. అక్కకు. అన్నం వడ్డిస్తుంటే. అసలు అంకెలు, రాసిన అంకెలు, మాత్రలు, మూతి, సారు, కాగితం, అన్నీ. బావ టీవీ సౌండు పెంచాడు. నేను ఇంకా గట్టిగా చెప్పాను.

ఆపరేషన్ గురించి ఏడుస్తుందనుకున్నాను. తుంటి ఊసే ఎత్తలేదు. గరిటె గిన్నెలో పెట్టి, గోడ పట్టుకుని, ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. ఏప్రిల్, మే, జూన్, జూలై, నాలుగు కార్డులు పీకింది.

"నాలుగు నెలల నుంచి ఈయనకు ఉప్పు వేసి పెడుతున్నాను" అంది. "ఈయన మాట నేను పెళ్ళైన దగ్గర్నుంచి ఏనాడూ నమ్మలేదు. నమ్మింది నీ చేతి రాతను."

నీ కోసమే కదక్కా అన్నాను. అనకూడని మాట. అది నిజమే, అందుకే అనకూడదు. అక్క నా వైపు చూడలేదు. పైకి పొమ్మంది. నా పళ్ళెంలో అన్నం అట్లాగే ఉండిపోయింది.

జూలై 22

అక్క మాట్లాడటం లేదు. కింద రెండు గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. బావ మందుల షాపుకు వెళ్ళొచ్చాడు, అక్క పంపితే. కాగితం విషయం ఏం చేద్దామని ఎవరూ అనడం లేదు. బావ మాత్రం మెట్ల దగ్గర, నోరు జారకు, అన్నట్టు చూస్తాడు.

జూలై 24, గురువారం

షిఫ్టు మారేటప్పుడు క్యాంటీన్‌లో ఫర్నేస్ వాళ్ళను కూర్చోబెట్టి సారు నాతో అన్నదంతా చెప్పాను. సోమవారం ఇన్సూరెన్స్ డాక్టరు ముందు అసలు అంకెలు రాస్తే కొత్త పాలసీ మీద ఆవిడ సంతకం పెట్టదు, పాతది ఉంటుంది అన్నాను. నన్ను తిట్టని తిట్టు లేదు. మేం రాయమంటే మాత్రం మీరు రాస్తారా అని ఒకడు. ఎర్ర కార్డు తీసుకుని పెట్టెలు మడవమంటారా అని ఇంకొకడు. నేనూ ఊరుకోలేదు. ఇసుక జల్లెడ నడిస్తే మీరు నడిచినట్టా, పైవాళ్ళ ముందు పిల్లుల్లా ఉండి నా మీద పులులవుతారా అని నోటికొచ్చినట్టు అన్నాను. యాభై రెండు మందికీ ఒకేసారి ఎర్ర కార్డు ఇస్తే ఫర్నేస్ ఎవడు నడుపుతాడో ఆ సారునే అడగండి అన్నాను. దానికి మాత్రం లెక్చరర్ తలెత్తి చూశాడు.

వస్తామని ఒక్కడూ అనలేదు. బావ అసలు క్యాంటీన్‌కే రాలేదు.

అంత అరిచానా, నేను సోమవారం నోరు విప్పుతానో లేదో నాకే తెలియదు. వాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు.

జూలై 28, సోమవారం

అంతా వరసగా రాయాలి.

పదిన్నరకు డాక్టరమ్మ వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి, కళ్ళజోడుకు తాడు, మాటల్లో విసుగు. సారు వెంటే ఉన్నాడు. అక్క ఆపరేషన్ కాగితం ఉన్న కవరు చొక్కా జేబులోంచి కాస్త పైకి కనబడేట్టు పెట్టుకున్నాడు. నాకు కనబడాలనే.

ఆవిడ రిజిస్టర్ తిప్పింది. మే పేజీ దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూసింది. వీళ్ళలో ఎవరినైనా ఒకసారి చూడవచ్చా అని అడిగింది. షిఫ్టు నడుస్తోంది మేడమ్, ఫర్నేస్ వదిలి రాలేరు అన్నాడు సారు. ఆవిడ నన్ను అడిగింది. ఈ అంకెలు మీరు చూసి రాసినవేనా సిస్టర్.

నేను మాట్లాడలేదు. ఇది కూడా రాయాలి. అంత కోపం, ఇన్ని నెలల కోపం, ఇంత పెద్ద నోరు. జేబులోని ఆ కవరు చూస్తూ నిలబడ్డాను. అక్క గోడ పట్టుకోకుండా నడిచినట్టు కళ్ళ ముందు కనబడింది. అవునన్నట్టు తల కూడా కదిలిందేమో, తెలియదు. ఆవిడ పెన్ను తీసింది.

తలుపు తోసుకుని అక్క వచ్చింది.

గేటు నుంచి క్లినిక్ దాకా ఇసుక గది గోడ పట్టుకుని నడిచొచ్చింది. అరచెయ్యంతా తెల్లగా దుమ్ము. వెనక బావ, స్కూలుకు ఈడ్చుకొచ్చిన పిల్లాడి ముఖంతో. వాళ్ళ వెనక వసారాలో కొందరు ఫర్నేస్ వాళ్ళు. అక్క మేస్త్రీని చెయ్యి పట్టుకుని షెడ్డులోంచి లాక్కొస్తుంటే చూసి వెంట వచ్చారట. లెక్చరర్ కూడా ఉన్నాడు.

బయటివాళ్ళు రాకూడదమ్మా అన్నాడు సారు. నవ్వుతూనే.

అక్క ఆయన పక్కనుంచి లోపలికి నడిచింది. బావను కుర్చీలో కూర్చోమంది. కూర్చున్నాడు. చొక్కా చెయ్యి అక్కే మడిచింది. నా వైపు చూసి, ఊఁ, అంది. ఎనిమిది రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట.

పట్టీ కట్టాను. గాలి కొట్టాను.  డాక్టరమ్మ లేచి నా భుజం మీదుగా చూసింది.

"ఎంత?" అంది అక్క.

"నూట ఎనభై నాలుగు. కింద నూట పన్నెండు."

అప్పుడు సారు కవరు తీసి బల్ల మీద అక్క ముందుకు జరిపాడు. ఇది మీ ఆపరేషన్ కాగితం అమ్మా, సంతకం కూడా అయింది, మీ చెల్లెలు తొందరపడితే ఇది చెల్లదు అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో తొందర విన్నాను. బావ కవరు వైపు చూసి, అక్క వైపు చూసి, "ఒక్క నెలే కదే" అన్నాడు. వినీ వినబడనట్టు.

అక్క కవరు ముట్టుకోలేదు. చూడకుండా ఏమీ లేదు, చూసింది, బాగానే చూసింది.

"రాయవే" అంది నాతో.

రాశాను. 184/112. తారీకు వేశాను. ఏప్రిల్ నుంచి రాసినవన్నీ తప్పని కింద రాసి సంతకం పెట్టాను. డాక్టరమ్మ తన పెన్నుకు మూత పెట్టేసి, ఈ రిజిస్టర్ మీద మేం ఏ పాలసీ ఇవ్వలేం అంది. సారు కవరు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు కూడా నవ్వు పోలేదు కానీ, పెదవులు పళ్ళకు అతుక్కుపోయినట్టున్నాయి. సాయంత్రంలోగా నన్ను తీసేసిన ఉత్తర్వు, అక్క పేరు కొట్టివేత రెండూ నోటీసు బోర్డు మీదికి వచ్చాయి. అది ముందే తెలిసిందే.

బావ లేచాడు. లెక్చరర్ చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వాడి తరవాత ఇంకొకడు. మొత్తం పంతొమ్మిది మంది. డాక్టరమ్మ తన కుర్చీ ఇవ్వబోతే అక్క వద్దంది, కూర్చుంటే మళ్ళీ లేవలేనంది. పంతొమ్మిదో మనిషి అయిపోయేదాకా ఆ గోడ పట్టుకుని నిలబడి, నేను ఏ అంకె రాస్తున్నానో చూస్తూనే ఉంది.